హుస్సేన్ సాహెబ్ దాచిన సగం మాత్ర

ఓర్వకల్లు చుట్టుపక్కల పెళ్ళి కుదిరిందంటే షామియానా వాడికంటే ముందు వంట హుస్సేన్ సాహెబ్‌కు కబురు పోతుంది. మనిషి చూస్తే చీపురుపుల్ల. ఆయన చేసిన డబల్‌కా మీఠా తిని ఇంకాస్త అడగనివాడు మాత్రం లేడు. తీపి గిన్నె మూత తీయగానే పెళ్ళివారు మొదటి గరిటె ఆయన చేతే తినిపిస్తారు. ఆయన తల ఊపాకే వడ్డన. అది ఆ ఊళ్ళ మర్యాద.

అలాంటివాడికి షుగరుందంటే ఇంకెవరు పిలుస్తారు? తీపి తినకూడనివాడు తీపేం వండుతాడంటారు. అందుకని పాతికేళ్ళకే వచ్చిన జబ్బును పదిహేడేళ్ళుగా కడుపులోనే దాచుకున్నాడు. భార్య పీరాంబీకి తప్ప పిట్టకు కూడా తెలియదు. మాత్రలు ఊళ్ళో కొంటే గుట్టు రట్టవుతుందని కర్నూలు పోయి తెచ్చుకునేవాడు. మొండిఘటం, ఏం చెబుతాం!

చెల్లెలు ముంతాజ్‌కూ షుగరే. ఆమె కూతురు రిహానాకు పదహారో ఏట వచ్చింది. మూడేళ్ళుగా ఆ పిల్ల రోజుకు నాలుగు సూదులు పొడుచుకుంటోంది. పొట్ట మీద చోటు చాలక తొడలకు దిగింది.

కర్నూలు ఆసుపత్రిలో క్రిస్టినా డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. ఇది అందరికీ వచ్చే షుగరు కాదేమో, ఒకే ఒక్క జన్యువులో లోపం తరం నుంచి తరానికి దిగుతోందేమో. అదే నిజమైతే సూదులు మాని మాత్రతో నెట్టుకురావచ్చు. అలాంటి కుటుంబాల మీద పరిశోధన చేస్తున్నారు, ఇంటివాళ్ళందరూ నెత్తురివ్వాలంది. హుస్సేన్ సాహెబూ ఇచ్చాడు. షుగరుందా అని అడిగితే లేదని రాయించాడు. పొద్దునే మాత్ర వేసుకుని పోయాడు కాబట్టి నెత్తుట్లోనూ షుగరు బయటపడలేదు. పక్కనే చెల్లెలు ఉంది మరి.

రెండు నెలలకు డాక్టరమ్మ అందర్నీ పిలిచింది.

"తల్లికీ కూతురికీ ఒకే లోపం దొరికింది. ఇంతకు ముందు ఎక్కడా చూడని లోపం. అదే సాహెబ్ గారికీ ఉంది, కానీ ఆయనకు షుగరు లేదు. అంటే జబ్బుకు కారణం ఇదేనని చెప్పలేం. సూదులు ఆపే ధైర్యం చేయలేను."

రిహానా అన్నం వేళైందని సూది తీసుకుని గోడవైపు తిరిగింది.

హుస్సేన్ సాహెబ్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఛీ, పిల్ల ఒళ్ళు తూట్లు పడుతుంటే నా పరువు చూసుకుంటున్నానా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకుండాది మేడమ్. పదిహేడేండ్ల నుంచి. అబద్ధం చెప్పినా."

"రోజుకు ఎన్ని వేసుకుంటారు?"

"పొద్దున సగం. ఒకటేస్తే కండ్లు తిరుగుతాయి."

డాక్టరమ్మ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. అంటే లోపమున్న ముగ్గురికీ షుగరుందన్నమాట. ఆమె ముఖం విప్పారింది. రిహానాకు ఇవ్వాలనుకున్నది ఆ మాత్రే. ఈ రకం షుగరు దానికి కొంచెంతోనే లొంగుతుందట. హుస్సేన్ సాహెబ్ పదిహేడేళ్ళుగా దాన్ని తన ఒంటి మీదే రుజువు చేస్తూ వచ్చాడు.

ముంతాజ్ ముఖం మాత్రం విప్పారలేదు. "అన్నా, మూడేండ్లు నా బిడ్డ పొడుచుకుంటాంటే చూస్తా ఉంటివి గదా," అంది.

రిహానాను వార్డులో ఉంచుకుని సూదులు తగ్గిస్తూ మాత్ర మొదలుపెట్టారు. ఎనిమిదో రోజు సూది లేకుండా అన్నం తినింది. తిన్న రెండు గంటలకు చూస్తే షుగరు నూట నలభై. పిల్ల ఆ అంకెను తల్లికి రెండుసార్లు చదివి వినిపించింది.

రక్తసంబంధీకులందర్నీ పరీక్షకు పంపమంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే హుస్సేన్ సాహెబ్ చిన్నాయన కొడుకు చాంద్ ఇంటికి పోయి, వాకిట్లో నిలబడే సంగతంతా చెప్పేశాడు. అరుగుల మీది జనం తలలు తిప్పారు.

చాంద్ కంగారుపడ్డాడు. "మెల్లిగా చెప్పన్నా, అందరూ వింటాండారు. రేప్పొద్దున నిన్ను పెండ్లిండ్లకు ఎవరు పిలుస్తారు?"

"పిలవకపోతే పోనీలేప్పా. నీ బిడ్డ ఊరికే దాహం దాహమంటాండాది అంటివి గదా, యాడుండాది? రేపు పొద్దున బస్సుకే పిల్చుకపోదాం."