ఊ కొడుతున్న కారు

ఈ సాయంత్రం బావ, అత్తయ్య, నేను కారులో గరివిడి నుంచి ఇంటికి వస్తున్నాం. కారు చనిపోయిన మామయ్యది. స్వరాజ్యం రాకముందు కొన్నది, ఇరవయ్యేళ్ళు దాటింది. వెనక సీట్లో అత్తయ్య కబుర్లు చెబుతుంటే కింద నుంచి "ఊఁ... ఊఁ..." అని మూలుగు. మామయ్య బండి నడుపుతూ ఆవిడ మాటలకి అచ్చం అలాగే ఊ కొట్టేవాడు.

బావ క్లచ్ తొక్కాడు. మూలుగు ఆగలేదు. న్యూట్రల్‌లో వదిలినా ఆగలేదు.

"గేరుబాక్సు కాదురా. ఎనక ఇరుసులో బేరింగు పోనాది. రేపు మార్పించేత్తాను," అన్నాడు నాతో.

"వద్దు. నా మాటినేది అదొక్కటే ఉన్నాది," అంది అత్తయ్య.

బావకి ఒళ్ళు మండింది. నెల్లిమర్ల దాటాక కారు పక్కకి ఆపి, ఇంజను కట్టేశాడు.

"సక్రాలు తిరక్కపోతే సప్పుడుండదమ్మా. ఇప్పుడు మాటాడి సూడు."

అత్తయ్య సీటు కిందికి వంగింది. తర్వాత మెల్లిగా, "ఏటయ్యా, ఇంటన్నావా?" అంది.

"ఊఁ."

బావ నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను. ఇద్దరి నోళ్ళూ మూసే ఉన్నాయి. అత్తయ్య మాత్రం ఇల్లు చేరేదాకా కబుర్లు ఆపలేదు. రేపు మెకానిక్‌కి ఏం మార్చమని చెప్పాలో మీలో ఎవరికైనా తెలుసా?