ఒక ‘ఏ’ ఎక్కువ

ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసుకి కింద డబ్బింగ్ స్టూడియో, పైన మేము. చూపు లేనివాళ్లు హాల్లో కూర్చుని సినిమా వినడానికి ఒక యాప్ చేస్తాం. తెర మీద మాటలు లేని చోట ఏం జరుగుతోందో ఇయర్‌ఫోన్‌లో ఒక గొంతు చెబుతుంది. అప్పుడు మేం చేస్తున్న సినిమాకి గొంతు శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒకావిడది. ఒకప్పుడు హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పి, అవకాశాలు తగ్గాక ఈ పనిలోకి వచ్చారు.

వాళ్లాయన సినిమాల్లో లైట్‌మన్. షుగర్ వల్ల చూపు పోయింది. ఆ తర్వాత ఇంక సినిమా హాలు మెట్లెక్కలేదు. ఆ రోజు సాయంత్రం ఈ సినిమా ప్రివ్యూకి రావడానికి ఎలాగో ఒప్పుకున్నారు. ఆవిడ మొదటి రికార్డింగ్ యాప్‌లో వినిపిస్తే, “అంతా నువ్వే మాట్లాడితే నేను సినిమా ఎప్పుడు వినాలి?” అని ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టేశారట. అందుకని ఆవిడ ప్రతి ముక్కా కుదించి మళ్లీ చెబుతున్నారు.

“ఈసారి కూడా తీసేస్తే ఇంక ఏ సినిమాకీ రారమ్మా,” అన్నారు నాతో పొద్దున్నే.

ఇబ్బంది ఏమిటంటే, యాప్‌లో పాత రికార్డింగే మోగుతోంది. ఆవిడ కొత్త ఫైలు పెట్టగానే మా బిల్డ్ సర్వర్‌కి కబురు వెళ్లాలి. అది ఎవరూ చెప్పకుండానే కొత్త ఫైలుతో యాప్‌ని మళ్లీ తయారు చేయాలి. మొన్నటిదాకా చేసింది కూడా. ఇప్పుడు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎర్రగా ఒక తప్పు చూపించి ఏడ్చినా బాగుండేది. మౌనవ్రతం పట్టే మిషన్లంటే నాకు ఒళ్లు మంట.

నేనే బటన్ నొక్కి చూశాను. యాప్ బుద్ధిగా తయారైంది. అంటే ఫైళ్లలో తేడా ఏమీ లేదు. పిలిస్తే పలుకుతోంది, తనంతట తాను లేవడం లేదు. మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయన టోలిచౌకి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నారు.

“నొక్కితే అయితుంది గద. గట్లనే నొక్కుకుంట ఉండు. సాయంత్రం దాకనే గద.”

“ఆవిడ సాయంత్రం దాకా మారుస్తూనే ఉంటారు సార్. నేను ఒక్కసారి మర్చిపోతే సరిగ్గా ఆ ముక్కే ఆయన చెవిన పడుతుంది.”

“జర ఫికర్ తగ్గించుకో,” అన్నారు. ఫికర్ తగ్గలేదు సరికదా, పంతం పెరిగింది.

కబురు బయలుదేరిందా? బయలుదేరింది. సర్వర్‌కి చేరిందా? చేరింది, అందినట్టు జవాబు కూడా ఇచ్చింది. అందుకుని పక్కన పడేసింది. మేము దానికి పెట్టిన నిబంధన ఒక్కటే. ఈ సినిమా ఫైళ్లన్నీ ఉండే అర నుంచి, మా భాషలో బ్రాంచ్ నుంచి, కబురొస్తేనే పని మొదలుపెట్టాలి. ఆ బ్రాంచ్‌కి సినిమా పేరే పెట్టుకున్నాం. బ్రాంచ్‌లు చూసుకునే మేనేజర్‌కి మళ్లీ ఫోన్ చేసి దాని పేరేంటని అడిగాను. ఆయన చెప్పారు. నా తెర మీద నిబంధనలో ఉన్న పేరు నేనూ చదివాను.

“గదే,” అన్నారు.

సరిపోయింది, తప్పు ఇంకెక్కడో ఉందనుకుని అక్కర్లేని చోటల్లా వెతికాను.

మధ్యాహ్నం టీకి కిందికి దిగితే ఎదురు గోడకి మా సినిమా కొత్త పోస్టర్ అంటిస్తున్నారు. తెలుగులో పేరు అదే. కింద ఇంగ్లిష్ అక్షరాల్లో మాత్రం చివరి ‘ఏ’ పక్కన ఇంకో ‘ఏ’ వచ్చి కూర్చుంది. నిర్మాత సంఖ్యాశాస్త్రం చూపించుకున్నారన్నమాట. ఈ వీధుల్లో అదేం వింత కాదు, పేరులో అక్షరం పెంచుకోనివాళ్లనే వెతకాలి. టీ అక్కడే వదిలేసి పైకి పరుగెత్తాను.

బ్రాంచ్ పేరులోనూ రెండు ‘ఏ’లు. నిబంధనలో ఒకటే. చెవికి తేడా తెలియదు కాబట్టి ఫోన్లో ఇద్దరం హాయిగా ఒప్పేసుకున్నాం.

అప్పుడే లోపలికొచ్చిన మేనేజర్‌ని పేరు ఎవరు మార్చారని అడిగాను.

“నిర్మాత ఆఫీసోళ్లు చెప్పిండ్రు, అన్ని చోట్ల కొత్త స్పెల్లింగే ఉండాలె అని. నేనే మార్చిన. పేరైతే అదే గద అనుకున్న.” నెత్తి గోక్కుని, “గా సర్వర్‌కి జాతకాలు తెల్వయి,” అన్నారు. తిడదామని కూడబెట్టుకున్న మాటలన్నీ నవ్వులో పోయాయి.

నిబంధనలో ఇంకో ‘ఏ’ చేర్చాను. పనిచేస్తుందని నమ్మాలంటే ఆవిడ ఏదైనా మార్చాలి. కిందికెళ్లి అడిగాను.

“చివరి సీను ఒక్కటీ మిగిలిందమ్మా. హీరోయిన్ కళ్లు, చీర, కిటికీ అంటూ పెద్ద వర్ణన పెట్టాను. అదంతా తీసేస్తాను,” అన్నారు. బూత్‌లోకెళ్లి ఒకే వాక్యం చెప్పారు. “ఆమె ముఖం సగం నీడలో ఉంది.”

ఫైలు పెట్టారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. తెర మీద పచ్చటి గీత తనంతట తాను కదలడం మొదలుపెట్టింది. ఇంత చిన్న గీతకి నాకు కళ్లు చెమర్చాయి.

సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ప్రివ్యూ. వాళ్లిద్దరి వెనక వరసలో కూర్చున్నాను. సినిమా చూడలేదు, ఆయన చేతులే చూశాను. అవి చాలాసేపు ఒళ్లోనే ఉన్నాయి. చివరి సీన్లో కుడిచెయ్యి పైకి లేచింది. అయిపోయింది, తీసేస్తున్నారనుకున్నాను. ఆ చెయ్యి చెవి దాటి ముందుకు సాగి తెర వైపు చూపించింది.

“మొహం మీద నీడ ఎందుకు పడనిచ్చారు వీళ్లు?” అన్నారాయన విసుగ్గా. “పక్క లైటు కాస్త పైకెత్తితే పోయేదిగా.”

“ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ,” అన్నారావిడ. ఆయన పట్టించుకోలేదు, ఇంకా ఆ లైటు గురించే గొణుగుతున్నారు.