సీతాఫలం గింజలు

బాలానగర్ చుట్టూ గుట్టల మీద సీతాఫలం చెట్లను ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. మేకలు ఆకు ముట్టవు కనుక రాళ్ల సందుల్లో వాటంతటవే మొలిచి బతికాయని సోమమ్మ వాళ్లత్త చెప్పేది. వానలు తగ్గుముఖం పట్టాక ఆ గుట్టలే సోమమ్మకు చేను. పచ్చికాయల్ని నిప్పుల్లో కాల్చి కూతురు యాదమ్మకు పెట్టేది. దోరవాటిని గంపలో గడ్డి పరిచి హైదరాబాదు రైలుకు మోసేది. మరీ మెత్తబడ్డ పండ్ల గుజ్జు ఇంట్లో పాలల్లో కలిసేది. పక్కింటి అమీనా అయితే దాన్ని మీగడతో కలిపి చుట్టాలకు పెట్టేది.

గింజలు మాత్రం పారేసేవాళ్లు కాదు. ఎండబెట్టి నూరి, నూనెలో కలిపి ఆడపిల్లల తలకు పట్టిస్తే పేలు చచ్చేవి. ఆ నూరే రాయిని సోమమ్మ వంటింట్లోకి రానిచ్చేది కాదు. మందు కంట్లో పడితే ప్రమాదమని, పట్టించే ముందు పిల్ల కళ్లకు గుడ్డ బిగించి కట్టేది. కడిగేటప్పుడు తల వెనక్కి వంచి పట్టుకునేది. పన్నెండేళ్లలో ఏ పిల్ల కన్నూ ఎర్రబడలేదు. ఆ ధీమాయే ఆమె కొంప ముంచింది.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, దసరా ముందు ఒక పొద్దున, ఎనిమిదేళ్ల యాదమ్మను వాకిట్లో కూర్చోబెట్టి తలకు మందు పట్టించింది.

"అమ్మా, మంట లేస్తాంది."

"పేలు సావొద్దా మరి? నీ నెత్తిల అంగడి పెట్టినయ్. గంప రైలెక్కిచ్చి గిట్లనే వస్త. గుడ్డ ముట్టకు, జాగల నుంచి లేవకు."

చేనుకు బయలుదేరిన అమీనా ఆగింది. "కడిగే పో సోమక్కా. రైలు రేపు గూడ వస్తది."

"పండ్లు రేపటిదాంక ఆగుతయా?"

ఆనాడు రైలు ఆలస్యమైంది. స్టేషన్‌లో ఉండగానే వాన దంచికొట్టింది. సోమమ్మ గంప అక్కడే వదిలి పరుగెత్తింది.

యాదమ్మ వాకిట్లోనే ఉంది. తల మీది మందంతా కారి గుడ్డలోకి ఇంకింది. తడిగుడ్డ కళ్లకు అతుక్కుపోయింది. పిల్ల పిడికిళ్లు మోకాళ్ల మీదే ఉన్నాయి.

"నేను ముట్టలేదమ్మా," అంది వణుకుతూ.

నీళ్లు పోసి కళ్లు కడగాల్సింది. చలువ చేస్తుందని సోమమ్మ కళ్లల్లో ఆముదం పోసింది. రెండు రోజులు అదే పోసింది. మూడోనాడు అమీనా తిట్టి, ఇద్దరినీ పాలమూరు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు కట్టు కట్టి, చూపు నిలిచేదీ లేనిదీ వారానికి గాని తేలదన్నాడు.

వారానికి కట్టు విప్పాడు. నల్లగుడ్ల మీద పాలమీగడలా తెల్లటి పొర ఉంది.

"మీ అమ్మ యాడున్నది బిడ్డా?"

సోమమ్మ గాజుల చప్పుడు విని యాదమ్మ సరిగానే చూపించింది. డాక్టరు చప్పుడు చెయ్యకుండా జరగమని సోమమ్మకు సైగ చేశాడు. సోమమ్మ గాజులు గుప్పిట్లో పట్టుకుని, అడుగు వినిపించకుండా అవతలి గోడకు పోయి నిలబడింది.

"ఇప్పుడు?"

పిల్ల వేలు తల్లి ఇందాక నిలబడ్డ చోటునే చూపిస్తోంది. సోమమ్మ మెల్లగా గుప్పిట వదిలి చెయ్యి ఊపింది. గాజులు గలగలమన్నాయి. వేలు వెంటనే ఆమె వైపు తిరిగింది.

"గక్కడ!" అని నవ్వింది యాదమ్మ.

డాక్టరు విప్పిన కట్టును చుట్టి పక్కన పెట్టేశాడు.