వేస్ట్‌కి ఇంకో మాట

మా వీధికి నీళ్ళు నాలుగు రోజులకొకసారి వస్తాయి. తెల్లవారే వేళకి కుళాయి గొంతు సవరించుకుంటున్నట్టు గురగురమంటుంది. మా కోడలు తలుపు తీసి, "తన్నీ వందిరుచ్చక్కా!" అని ఎదురింటావిడకి అరవంలో కేక వేస్తుంది. మళ్ళీ గడప దాకా వచ్చి, "మామా, నీళ్ళొచ్చినాయి" అని నన్ను లేపుతుంది. నేను అప్పటికే లేచి కూర్చుని ఉంటానని ఆమెకి తెలుసు. అయినా లేపుతుంది.

మొన్నటి వేసవి అంతా, నీళ్ళొచ్చిన రోజుల్లో, ఆ కుళాయి దగ్గరే మేమిద్దరం ఇంగ్లీషు చదివాం.

మేము తరాలుగా అరవనాట్లో ఉన్న తెలుగువాళ్ళం. మా కోడలిది పక్కనే మంసాపురం. అక్కడి బళ్ళో అరవంలోనే చదువుకుంది. ఇక్కడ రాజపాళయంలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆరేళ్ళుగా యూకేజీ పిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది. ఆ బడి చేతులు మారింది. కొత్తగా వచ్చినవాళ్ళు టీచర్లందరికీ ఇంగ్లీషు మాటల పరీక్ష పెడతామన్నారు. కాగితానికి ఎడమవైపు ఒక మాట ఉంటుంది, దానికి అదే అర్థం వచ్చే ఇంకో మాట రాయాలి. మూడు తప్పులకి మించితే తరగతి పోతుంది. ఆఫీసు పక్క గదిలో కూర్చుని నోటుపుస్తకాలకి అట్టలు వేయాలి.

"అట్టలేసేదానికి నేను పోను మామా" అంది ఆ సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా. "ఆ పిల్లకాయలు నా కొంగు పట్టుకొనే కదా లైన్లో నడిచేది? వాళ్ళను ఇంకొకరికి ఇచ్చేసి, నేను పక్కరూములో జిగురు పూసుకుంటా ఉండాల్నా?"

మా అబ్బాయి బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో పొద్దుటి షిఫ్టుకి పోతాడు. ఇంట్లో ఇంగ్లీషు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుసు అంటే, అయిదో తరగతితో బడి వదిలి మిల్లులో చేరినవాడికి ఎంత తెలుస్తుందో అంత. పత్తి బేళ్ళ మీది చీటీలు, యంత్రాల మీద ఇత్తడి పలకలు, టీకొట్లో చిరిగిన పేపర్లు, ఇవే నా బళ్ళు. పాత కాగితాల కొట్లో ఒక డిక్షనరీ దొరికింది. దానికి ముందు పేజీలు లేవు. అందుకని ఎ అక్షరంతో మొదలయ్యే మాటల్లో నేను ఇప్పటికీ బలహీనుణ్ణే. బి నుంచి మాత్రం ఎవడికీ భయపడను.

బడివాళ్ళు ఫోనుకి పంపిన మాటల పట్టీని ప్రింటు తీయించుకొచ్చింది. నేను మెట్టు మీద కూర్చుని ఒక్కో మాట చదవాలి. కుళాయి కింద కుడం, అంటే బిందె, నిండేలోపు ఆమె జవాబు చెప్పాలి. ప్లాస్టిక్ కుడాలు ఎర్రవి, పచ్చవి వరసగా నిలబడి ఉండేవి, అవీ పరీక్షకి వచ్చినట్టు. పడమటి కొండల తలల మీద ముందుగా వెలుతురు పడేది. కింద మేము ఇంకా మసకలోనే ఉండేవాళ్ళం. నీటి చప్పుడు, మధ్యలో ఆమె గొంతు, నా గొంతు. అప్పుడప్పుడు నేను చదువుతున్నానో కలలో వింటున్నానో నాకే తెలిసేది కాదు.

"బిగిన్" అన్నాను మొదటిరోజు.

"కమెన్స్."

"తప్పు."

"ఎట్ల తప్పు? పేపర్లో అట్లే ఉండాది!"

"పేపరు తప్పు. వాన బిగిన్ అవుతాది. కమెన్స్ అనేది నోటీసుబోర్డు మాట. చొక్కాకి గుండీలన్నీ పెట్టుకొని వచ్చిన మాట. ఆ రెండూ ఒకటే అన్నోడికి రెండూ తెలియవు."

"మామా, నాకు మార్కు కావాల. మీ కోపం వద్దు."

ఎదురింటావిడ బిందె చంకనెత్తుకుంటూ, "మీ మామ పైపు దగ్గర కాలేజీ తెరిచినారే, నాకూ ఒక సీటు చెప్పు" అని అరవంలో ఎగతాళి చేసింది. మా కోడలు నవ్వింది. నేను నవ్వలేదు. ఒకే అర్థం అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. దానికి పాత కారణం ఉంది.

నాకు అప్పుడు ఇరవై దాటాయి. మిల్లులో యంత్రాలు వదిలేసిన దూదిని రకాలుగా విడదీసే గదిలో పని. ఆ గదిలో ఎప్పుడూ దూది రేణువులు తేలుతూ ఉండేవి. పై కిటికీలోంచి ఎండ పడితే, మంచు పైకి కురుస్తున్నట్టుండేది. మేమందరం కనురెప్పలు నెరిసినవాళ్ళలా కనపడేవాళ్ళం. గుమాస్తా పనికి మాలోంచి ఒకణ్ణి తీసుకుంటామన్నారు. ఒక ఆఫీసరు వచ్చి, మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంగ్లీషు మాటలు అడుగుతూ వచ్చాడు. నా వంతు వచ్చింది. "వేస్ట్‌కి ఇంకో మాట చెప్పు" అన్నాడు.

ఆ ప్రశ్న నన్నే అడిగాడు, చూడండి. పొద్దంతా నా చేతుల్లో ఉండేది అదే. "దానికి ఒక మాట లేదు సార్" అన్నాను. "దూది ఏకే కార్డింగ్ యంత్రం పళ్ళలో చిక్కేది ఫ్లాట్ స్ట్రిప్. అది మెత్తగా ఉంటాది, మళ్ళీ కలుపుకోవచ్చు. దువ్వినాక మిగిలే పొట్టి పోగు నాయిల్. యంత్రం కింద రాలే గింజపొట్టు డ్రాపింగ్స్. చీపురుకి వచ్చేది స్వీపింగ్స్. ఒకదాని సంచిలో ఇంకోటి వేస్తే మేస్త్రీ తిడతాడు సార్."

ఆయన బెంచీ మీద నా పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "రబ్బిష్" అన్నాడు. జవాబు అదేనో, నన్నే అన్నాడో అని ఆ రాత్రంతా ఆలోచించాను. కాగితం మీద మాత్రం సున్నా పెట్టాడు. నేను రిటైరయ్యేదాకా ఆ దూదిలోనే ఉన్నాను. పనికి సిగ్గుపడలేదు. ఆ సున్నాని మాత్రం ఈనాటికీ ఒప్పుకోను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. మా కోడలి పట్టీలో, రెండో కాగితం నడుమ, ఆ మాట ఉంది. ఎడమవైపు వేస్ట్, కుడివైపు రబ్బిష్. మొదటిరోజే నా కంటపడింది. దాని మీద బొటనవేలు పెట్టి, కింది మాట చదివాను. ప్రతిసారీ అలాగే చేశాను. ఒక్క మాట పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ జవాబు నా నోటితో చెప్పడం నా వల్ల కాలేదు.

వారాలు గడిచేకొద్దీ ఆమె గట్టిపడింది. గ్లాడ్ అంటే హ్యాపీ, టైర్డ్ అంటే వియరీ, కుడం సగానికి రాకముందే చెప్పేసేది. నేను మాత్రం వాదన మానలేదు. ఒకరోజు విసుగొచ్చి కుళాయి కట్టేసింది. చుట్టూ చప్పుడు ఆగిపోయింది.

"మామా, నేను గడప దాటి పోతే ఏమంటాను?"

"తన్నీ అంటావు."

"లోపలికి వస్తే?"

"నీళ్ళంటావు."

"కుడంలో పడేది వేరే వేరేనా? మన జనం అంతా పుట్టినప్పటినుంచి ఇదే కదా చేసేది? ఇంటికి ఒక మాట, వీధికి ఒక మాట. బిగిన్ ఇంటిది, కమెన్స్ వీధిది. అంతే. ఎవురు కొట్లాడినారు దీనికి, మీరు తప్ప?"

నీళ్ళు అన్నప్పుడు మా అమ్మ రాగిచెంబు కనపడుతుంది, తన్నీ అన్నప్పుడు కుళాయి దగ్గర తోపులాట కనపడుతుంది, రెండూ ఎట్లా ఒకటవుతాయి అని అడగాలనుకున్నాను. కానీ ఆమె కుడం ముందు వంగి నిలబడిన తీరు చూశాను. కళ్ళ కింద నలుపు. రాత్రుళ్ళు కూడా చదువుతోందన్నమాట. నేను ఇన్నాళ్ళూ ఆ ఆఫీసరుతో వాదించాను, ఆమె కుడాల ముందు కూర్చుని.

పరీక్షకి ముందు చివరి నీళ్ళరోజు. కాగితాలు రెండూ అయిపోయాయి. "అమ్మా, ఇంకొకటి ఉండాది" అన్నాను. "నేను నీకు చదవకుండా దాచినాను." బొటనవేలు తీసి చూపించాను. మిల్లు సంగతి, సున్నా సంగతి చెప్పాను. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తెలుసు మామా. అన్నీ చదివి అదొకటి వదిలేస్తా ఉన్నారు. వేలి చెమటకి సిరా కూడా అలుక్కుపోయినాది. ఇందులో ఏమో ఉండాది అనుకొని, ముందు దాన్నే నేర్చుకున్నాను."

"మరి అడగలేదే?"

"మీరే చెప్పేదాకా ఉందామని."

పరీక్ష రాసి వచ్చింది. ఫలితం చెప్పిన రోజు సాయంత్రం చెప్పులు విప్పి, ముఖం కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంది. "రెండు తప్పులు. క్లాసు నాదే" అంది. రెండూ ఎ అక్షరం మాటలే. ఆ పాపం నాదే, నా డిక్షనరీది.

"ఆ మాట?" అన్నాను.

"రానేలేదు మామా."

"రాలేదా! ఇన్నేళ్ళుగా నేను దాన్ని మోస్తా ఉంటే, వాళ్ళు అడగనే లేదా? ఏం పరీక్ష అది?"

ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆ తర్వాతి నీళ్ళరోజు కాగితాలు లేవు. నేను అలవాటుగా మెట్టు మీద కూర్చున్నాను. కొండల మీద వెలుతురు పడుతోంది. మొదటి కుడం కుళాయి కింద పెట్టి, నా వైపు చూడకుండా, "వేస్ట్‌కి ఇంకో మాట చెప్పండి మామా" అంది.

"ఫ్లాట్ స్ట్రిప్" అన్నాను.

"కరెక్ట్." కుడం మార్చింది.

"నాయిల్."

"కరెక్ట్."

డ్రాపింగ్స్‌కి పచ్చ కుడం నిండింది, స్వీపింగ్స్‌కి ఎర్రది. ఇంకొకటి ఖాళీగా మిగిలింది. ఆమె దాన్ని కుళాయి కింద పెట్టి ఎదురుచూసింది. నీళ్ళు అంచుకి వచ్చేదాకా ఓర్చుకుని, సరే పోనీ అని, "రబ్బిష్" అన్నాను.

"అదీ కరెక్టే" అని కుళాయి కట్టేసింది.