ఫోనుకు పెట్టిన బొట్టు

మా ఆయన గల్ఫ్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. తప్పు ఆయనదేనంది కంపెనీ. పరంజా ఊగుతోందని ముందురోజే ఆయన తీసిన వీడియో, శవపేటికతో పాటు వచ్చిన ఫోనులో ఉంది.

"అక్కడి కోర్టుకు గీ ఫోనే కావాలె. పైలంగ దాయి, అక్కా" అంది సిద్దిపేట వకీలమ్మ.

ఫోనును ఆయన ఫోటో ముందు ఉంచి, రోజూ రెండింటికీ బొట్టు పెట్టాను. ఫోను తీసుకుపోవడానికి వకీలమ్మ వచ్చిన రోజు చూస్తే, ఛార్జర్ పెట్టే రంధ్రం నిండా కుంకుమ. ఫోను వెలగలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం చేసినవక్కా?"

"పైలంగనే దాసిన గదా!"

మొబైల్ దుకాణమాయన సూదితో గీకుతూ, "గిది ఫోనా, పోచమ్మనా?" అన్నాడు. చివరికి వెలిగింది.

"చూడుర్రి, ఎట్ల ఊగుతుందో" అంది మా ఆయన గొంతు. వకీలమ్మ ఏడ్చింది.

ఫోను సీలు కవరులో పోయింది. ఇప్పుడు ఫోటోకే బొట్టు పెడుతున్నాను. దానికి రంధ్రాల్లేవు.