వయ్యారిభామకు ఎరువు వేసిన వానాకాలం

వారం కిందట తొలకరి జల్లు పడింది. ఈ ఉదయం గచ్చిబౌలి ఫ్లైఓవర్ స్తంభం కింద, సిమెంటు పగులులోంచి ఒక పచ్చటి మొలక తలెత్తి చూస్తోంది. ఆఫీసు బస్సులు పక్కనుంచే దూసుకుపోతున్నా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. చూడగానే నాకు చేతులు దురద పెట్టాయి. మా పుప్పాలగూడ ఇంట్లో మొదటి వానాకాలం గుర్తొచ్చింది.

కింది అంతస్తు కావడంతో ఆ ఇంటి వెనక చాప పరిచినంత మట్టి ఉండేది. అపార్ట్‌మెంట్లో మట్టి దొరకడమంటే మాటలా! కోనసీమలో పుట్టినదాన్ని, నాకు తోటపని రాకేం అని క్యారెట్ గింజలు చల్లాను. నిజానికి పుట్టింట్లో ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు. కొద్ది రోజులకే చీలికల ఆకులు గుబురుగా లేచాయి. నా హస్తవాసికి నేనే మురిసిపోయి పేడ ఎరువు వేశాను. మావారు చొక్కా చేతులు మడిచి నీళ్లు పోసేవారు. నెల తిరిగేసరికి బుల్లి బుల్లి తెల్లపూలు పూస్తే, గ్లాసులో పెట్టి ఆయన పనిచేసుకునే బల్లమీద అలంకరించాను కూడా. ఆ తర్వాతే ఆయనకు మోచేతుల దాకా దద్దుర్లు, తుమ్ములు, ఆపైన ఆయాసం. ఆఫీసు మీటింగులో ఒక్క వాక్యం పూర్తిచేయలేక ఆగిపోయేవారు. ఆస్పత్రిలో మందులిచ్చి, ఏది పడటం లేదో కనిపెట్టండి అన్నారు. దుప్పట్లు ఉతికాను, ఫ్యాన్లు తుడిచాను. ఆయన ఎగశ్వాస వింటూ రాత్రంతా మేలుకునే ఉండేదాన్ని.

కొడుకును చూడటానికి చందానగర్ నుంచి అత్తయ్య వచ్చారు. గ్లాసులో పూలు చూసి నిలబడిపోయారు.

"ఏందమ్మా ఇది? వయ్యారిభామను తెచ్చి ఇంట్ల కూసోవెట్టినవా?"

"క్యారెట్ పూలండీ అత్తయ్యా," అన్నాను గర్వంగా.

"గాజర్ ఇంత జల్ది పూస్తదా? ఇది ఒంటికి తాకితే దద్దులు, పొడి పీలిస్తే దమ్ము!"

పరుగున వెళ్లి పీకబోతే ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "జర ఆగు. వట్టి చేతులు పెట్టకు. వాన పడి నేల నాననియ్యి." పోనీ కాల్చేద్దామంటే, "ఆ పొగ మళ్ల వాని ఛాతీలకే పోతది," అన్నారు.

మావారిని ఆడపడుచు ఇంటికి పంపించాం. మర్నాడు వాన వెలిశాక నిండు చేతుల చొక్కాలు, గ్లవ్స్, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ఇద్దరం దిగాం. పూల తలలకు ముందు ప్లాస్టిక్ కవర్ తొడిగి, మొదలు పట్టుకుని వేరుతో సహా లాగి, మూట కట్టేశాం. పని మధ్యలో అలా చూస్తూ ఉండిపోయాను. ఎవరూ విత్తలేదు, ఎవరూ పిలవలేదు. ఆవగింజంత పువ్వు, దాన్నిండా విత్తనాలు. అమ్మో, ఇంత బతుకు దీనికి ఎక్కడిది! నన్ను ఇంత ఏడిపించిన మొక్కకు మనసులోనే దండం పెట్టాను. దాని చాటున ఒకే ఒక్క అసలు క్యారెట్ దొరికింది, చిటికెన వేలంత. తర్వాత తలస్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతుక్కున్నాం.

కొన్నాళ్లకు మావారు తిరిగొచ్చారు. కిటికీ తెరిచి, ఆ క్యారెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందోయ్, ఇంత పంట మనిద్దరం ఏం తింటం గని, చుట్టాలందర్నీ పిలుద్దామా?" అన్నారు. ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో. నవ్వబోయి ఏడ్చేశాను.

ఇప్పటికీ తొలకరి పడగానే ముందు ఆయన ఊపిరి వింటాను, తర్వాత గ్లవ్స్ తొడుక్కుని మట్టి చూస్తాను. ఏళ్లు గడిచిపోయాయనుకుంటాం గానీ, అవి మట్టిలోనే ఎక్కడో పడుకుని ఉంటాయి; లేవడానికి వాటికి ఒక్క వాన చాలు.