గాలికీ నీళ్లకూ పోయిన సత్తువ

మా మేడం పోయారన్న కబురు నాకు కుప్పం నుంచి వచ్చింది. ఆమె కన్నుమూసింది మదనపల్లె ఆస్పత్రిలో. నేనుండేదీ మదనపల్లెలోనే. కానీ ఆమె ఫోన్ తమ్ముడు తీసి చూస్తే, చివరగా మాట్లాడిన నంబరు కుప్పం దగ్గర పందులు పెంచిన రైతు మునెప్పది. ఆయనకే ముందు చెప్పారు. "మేడమమ్మ పోయిందంటమ్మా," అని మునెప్ప నాకు చెప్పాడు. తర్వాత అన్నాడు: "నిన్న గూడా మా బోరు నీళ్ల సంగతే అడిగిందమ్మా."

నేను ఆమె దగ్గర నేల శాస్త్రం చదువుకున్నాను, తర్వాత ఆమె పరిశోధనలో సాయంగా ఉన్నాను. ఆమె జీవితమంతా ఒకే ప్రశ్నతో గడిచింది. పంది ఎరువు చేనుకు వేస్తే అందులోని నత్రజని పైరుకు అందేదెంత, అందకుండా పోయేదెంత, ఎటు పోతుంది? వయసులో ఉండగా డెన్మార్క్‌లో కొన్నేళ్లు ఇదే పని చేశారు. అక్కడ పలచని పెంటను గొట్టాలతో నేల లోపలికే దించుతారట. గాలికి పోయేది తగ్గుతుంది కానీ, వానలకు నేలలోంచి కాలవల్లోకి కారిపోతుంది. మనం షెడ్డు పక్కన కుప్ప పోసి ఎండకు వదిలేస్తాం. దగ్గరికి వెళ్తే కళ్లు మండుతాయి. ఆ మంట అమ్మోనియా. నత్రజని గాలిలో కలిసిపోతోందని దానర్థం.

రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి చూపాలని ఆమె కోరిక. "ఆడ నీళ్లలో పోతాది, ఈడ గాల్లో పోతాది. పోయేది కంటికి కనపడదు, అందుకే ఎవురికీ దిగులు లేదు," అనేవారు. పుంగనూరు దగ్గర మెట్ట పల్లెలో పుట్టిన మనిషి. తరగతిలో ఎంత పుస్తక భాష మాట్లాడినా, చేనులోకి దిగితే ఆ ఊరి మాటే వచ్చేది.

మునెప్ప తన రాగి చేను ఇచ్చాడు. ఒక మడిలో ఎరువు వేసిన వెంటనే, అది మట్టి కిందికి పోయేలా దున్నించారు, పక్క మడిలో పైనే వదిలేశారు. నేల మీద డబ్బాలు బోర్లించి, లోపల ఆమ్లం పోసిన చిన్న గిన్నెలు పెట్టి, లేచే అమ్మోనియాను పట్టేవాళ్లం. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ప్రతి డబ్బా అంచునూ తడిమట్టితో మెత్తేవారు. నన్ను చేయనిచ్చేవారు కాదు. "సందు ఉంటే డబ్బా అబద్ధం సెప్తాది," అనేవారు. పనయ్యాక మునెప్ప భార్య తెచ్చిన సంగటి ఆ గట్టు మీదే, ఆ వాసనలోనే తినేవారు.

మొదటి పంటకు దున్నిన మడి ముదురు పచ్చగా లేచింది. రెండో పంటకు సిద్ధమవుతుండగా పందులకు జ్వరం వచ్చింది. మందు లేని రోగం. చెవులు ఎర్రబడి ఒక్కొక్కటే పడిపోయాయి. మిగిలినవాటినీ చంపి పూడ్చాలని పశువైద్య శాఖవాళ్లు అన్నారు. గొయ్యి బోరుకు ఎగువన, చేను గట్టు పక్కన తవ్వుతుంటే ఆమె అడ్డంగా నిలబడ్డారు.

"ఈడ వద్దప్పా, దిగువ బోరుండాది. ఇదంతా నీళ్లలోకి దిగతాది."

"ఆ పక్కకి జేసీబీ పోదు మేడం. మాకు ఈ పొద్దే అయిపోవాల," అన్నాడు పని చూస్తున్నతను.

ఆమె కదల్లేదు. చివరికి మునెప్పే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "రామ్మా. సచ్చినవాటిని ఇంగా సూస్తా ఉండలేను."

అంతటితో ప్రయోగం ఆగింది. ఒక్క పంట చాలదని పరిశోధనా పత్రిక వాళ్లు ఆమె వ్యాసాన్ని తిప్పి పంపారు. అందులో డెన్మార్క్ సగం నిండుగా ఉంది, మన సగం ఖాళీ. వానలు వెళ్లాక బోరు నీళ్లు పరీక్షిస్తే నీళ్లలోకి దిగిన నత్రజని, అంటే నైట్రేట్, హద్దు మించి ఉంది. అప్పుడే మునెప్ప ఇంట్లో మనవరాలు పుట్టింది. తల్లి పాలు చాలక ఆ నీళ్లతోనే డబ్బా పాలు కలుపుతున్నారు.

"బిడ్డకు ఈ నీళ్లు వద్దప్పా, ఒళ్లు నీలంగా మారి పానానికే వస్తాది. కాగబెట్టినా ఆ ఇసం పోదు, ఇంకా సిక్కబడతాది," అన్నారు ఆమె.

"మరి యా నీళ్లు పొయ్యాలమ్మా?"

అప్పటినుంచి ఆమె కుప్పంలో నీళ్ల క్యాన్లు కొని కారులో వేసుకెళ్లి ఆ ఇంట్లో దించి వచ్చేవారు. మదనపల్లె నుంచి అంత దూరం. అప్పటికే ఒంట్లో జబ్బు ముదిరింది. నేను వద్దన్నాను. "కొలిసి సెప్పేసి ఇంటికి పోతే సరిపోతాదా?" అన్నారు.

బిడ్డ బతికింది. మరేదీ నిలవలేదు. మునెప్ప కొడుకూ కోడలూ బిడ్డతో బెంగళూరికి పనికి వెళ్లిపోయారు. షెడ్డు రేకులు ఊడదీసి అమ్మేశారు. మంచం పట్టాక కూడా, ఇంకెవరైనా పందుల రైతు చేను ఇస్తాడేమో కనుక్కోమని ఆమె నన్ను పంపారు. గంగవరం, కలకడ తిరిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ సంగతి చెబితే గోడ వైపు తిరిగి పడుకున్నారు.

కంటికి కనపడని నష్టాన్ని చూడటం ఆమె నాకు నేర్పారు. అంతకు మించిన చదువు నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ చదువు ఓదార్పు కాదు. ఎటు చూసినా పోతున్నదే కనపడుతుంది.

దహనం అయ్యాక మునెప్పను కుప్పంలో దించడానికి కారులో బయల్దేరాం. పుంగనూరు దాటాక, ఒక ట్రాక్టరు రోడ్డు పక్క చేనులో పంది ఎరువు గుమ్మరించి వెళ్లిపోయింది. మునెప్ప ఆపమన్నాడు. చేనులో ఎవరూ లేరు. సాయంకాలపు చలికి కుప్ప మీంచి ఆవిరి లేస్తోంది. ఆయన పార కోసం అటూ ఇటూ చూశాడు, దొరకలేదు. చెప్పులు విడిచి, వంగి, రెండు చేతులా మట్టి తీసి దాని మీద చల్లడం మొదలుపెట్టాడు. కుప్ప మనిషెత్తు ఉంది. చల్లిన మట్టి జారిపోతోంది. ఆవిరి లేస్తూనే ఉంది.